కీళ్ళవాతంలో కళ్ళను మరువరాదు

ఆమవాతంతో బాధపడేవారు వైద్యుని ఎదుట కూర్చుండగానే చేతులు చాపి చూపుతారు. వేళ్ళ కణుపుల వాపు, మణికట్టు నొప్పి, తెల్లవారి లేవగానే పిడికిలి ముడవలేని బిగువు - వీటిని గురించి ఎంతసేపైనా చెబుతారు. కళ్ళను గురించి మాత్రం మనం అడిగితే తప్ప నోరు విప్పరు. అడిగితే, "వయసు మీద పడ్డది గద అయ్యగారూ, కండ్లు మండుతయి" అని తేల్చివేస్తారు. కరీంనగర్‌లోను, ఆదిలాబాద్ ప్రాంతంలోను నలుబది ఏండ్లుగా ఈ వ్యాధిగ్రస్తులను చూస్తున్న నేను పాఠకులకు మొట్టమొదట చెప్పదలచినది ఇదే: కీళ్ళవాతం ఉన్నవారి కంటిమంట అన్నివేళలా వయసు వలన వచ్చినది కాదు. కీళ్ళను పట్టిన వ్యాధియే కంటిని కూడా పట్టి ఉండవచ్చును. కీలు వంకరపోవడానికి ఏండ్లు పడుతుంది. కన్ను చెడిపోవడానికి ఒక్కొక్కప్పుడు వారం చాలు.

వ్యాధి కీళ్ళది మాత్రమే కాదు

ముందుగా ఒక భేదాన్ని గుర్తించవలెను. వయసు పైబడినవారికి మోకాళ్ళు అరిగి వచ్చే నొప్పి వేరు, ఆమవాతం వేరు. ఆధునికులు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని పిలిచే వ్యాధి మన ఆమవాతానికి చాలా దగ్గరగా ఉంటుంది. ఆ పేరును 1859లో గారడ్ అనే ఆంగ్ల వైద్యుడు వాడుకలోకి తెచ్చాడు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి కీళ్ళలోని పలుచని పొరపై దాడి చేయడం దీని మూలం. రెండు చేతులలోను, రెండు పాదాలలోను చిన్న కీళ్ళు ఒకేసారి వాస్తాయి. ఉదయపు బిగువు గంటకు పైగా ఉంటుంది. అలసట, అరుచి, సన్నని జ్వరం తోడవుతాయి. పురుషుల కంటె స్త్రీలకు ఇది రెండు మూడు రెట్లు అధికంగా వస్తుంది.

ఈ దాడి కీళ్ళ దగ్గరే ఆగదు. కన్నీటిని ఊరించే గ్రంథులు, తెల్లగుడ్డు, నల్లగుడ్డు అంచు, అక్కడి సూక్ష్మ రక్తనాళాలు కూడా దానికి లోనవుతాయి. అందువలననే కొందరికి కీళ్ళనొప్పి ముదిరినప్పుడు కన్ను ఎర్రబడుతుంది. మరికొందరికి కీళ్ళు నెమ్మదించి ఉన్న కాలంలోనే కన్ను దెబ్బతింటుంది. "కాళ్ళు చేతులు బాగానే ఉన్నవి గదా" అని కంటిని ఉపేక్షించడానికి వీలులేదు.

శాస్త్రం ఏమి చెప్పినది?

ఆమవాతాన్ని ప్రత్యేక వ్యాధిగా ఒక అధ్యాయంలో వివరించిన గ్రంథం మాధవ నిదానం. అది ఇంచుమించు పదమూడు వందల ఏండ్ల నాటిది. అజీర్ణం వలన పుట్టిన ఆమం వాతంతో కలిసి సంధులలో చేరి వాపును, నొప్పిని కలిగిస్తుందని అందులో ఉన్నది. అంగమర్దం, అరుచి, దప్పి, బరువు, జ్వరం మొదలైన లక్షణాలన్నీ అక్కడ కనబడతాయి. అయితే ఆ వరుసలో కన్ను ప్రత్యేకంగా పేర్కొనబడలేదు.

కంటిని గురించి తెలియవలెనంటే సుశ్రుత సంహిత ఉత్తరతంత్రాన్ని తెరవవలెను. సుశ్రుతుడు 76 నేత్రరోగాలను చెప్పాడు. అందులో కంటి మొత్తానికి వచ్చేవి 17. వాటిలో శుష్కాక్షిపాకం ఒకటి. రెప్పలు గరుకుగా బిరుసెక్కడం, తెరవడానికి కష్టంగా ఉండడం, మంట, చూపు మసకబారడం దాని లక్షణాలు. నేడు పొడికన్ను అని పిలుస్తున్నది దీనికి ఎంతో సన్నిహితమైనది.

గురుకులంలో మా గురువుగారు ఈ రెండు గ్రంథాలను పక్కపక్కన పెట్టి చదివించేవారు. అష్టస్థాన పరీక్షలో నాడి, మూత్రం, మలం, జిహ్వ, శబ్దం, స్పర్శ, దృక్కు, ఆకృతి అనే ఎనిమిదింటిలో దృక్కు ఊరకే చేరలేదని, రోగి ఏ వ్యాధి చెప్పుకొని వచ్చినా రెప్ప ఎత్తి చూడనిదే నాడి వదలరాదని ఆయన నియమం. నేటికీ కీళ్ళవాతం రోగులను నేను అడిగే మూడవ ప్రశ్న కళ్ళను గురించియే.

అన్నిటికన్న సాధారణమైనది - పొడికన్ను

కీళ్ళవాతం ఉన్నవారి కళ్ళలో ఎక్కువగా కనబడే మార్పు కన్నీరు తగ్గిపోవడం. "కండ్లల్ల ఇసుక పోసినట్టున్నది" అని మన ప్రాంతం వారు చెప్పే మాట కంటె చక్కని వర్ణన ఏ గ్రంథంలోను నాకు కనబడలేదు. మంట, దురద, సాయంకాలానికి కళ్ళు బరువెక్కడం, దారంలా సాగే పుసి, వెలుతురు చూడలేకపోవడం, చదువుతుంటే అక్షరాలు అలికినట్లయి రెప్ప వేయగానే తిరిగి స్పష్టపడడం - ఇవి గుర్తులు. కొందరికి విచిత్రంగా కంటి నుండి నీరు ధారగా కారుతుంది. పొడిబారిన కన్ను రేగడం వలన ఒక్కసారిగా వచ్చే పలుచని నీరు అది. కంటిని తడిపి నిలువగల కన్నీరు కాదు.

దీనితో పాటు నోరు ఎండిపోవడం, మంచినీళ్ళు లేనిదే జొన్నరొట్టె మింగుడుపడకపోవడం, పండ్లు త్వరగా పుచ్చిపోవడం కూడా ఉంటే వైద్యునికి తప్పక చెప్పవలెను. కన్ను, నోరు, కీళ్ళు ఈ మూడింటికీ గల సంబంధాన్ని స్వీడన్ దేశపు నేత్రవైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో వివరంగా ప్రకటించాడు. ఆయన పరిశీలించిన 19 మంది స్త్రీలలో 13 మందికి కీళ్ళవ్యాధి ఉన్నది. ఆ వ్యాధి నేటికీ ఆయన పేరుతోనే పిలువబడుతున్నది.

మన నేలలో ఈ బాధ మరింత హెచ్చడానికి కారణాలు ఉన్నవి. రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ ఎండలు ఎటువంటివో చెప్పనక్కరలేదు. ఆ వడగాడ్పులో కన్నీరు నిమిషాలలో ఆరిపోతుంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ప్రాంతాలలో వేలాది స్త్రీలు ఇంటి గడపలోనే బీడీలు చుడతారు. తల వంచి, రెప్ప వేయడం మరచి చేసే పని అది. చుట్టూ పొగాకు పొడి. సిరిసిల్ల మరమగ్గాల వద్ద దూది నలుసులు. ఆరోగ్యవంతుల కన్ను వీటిని ఓర్చుకొంటుంది. కన్నీరు తగ్గిన కన్ను ఓర్చుకొనలేదు.

కన్నీటి కొలతకు నేత్రవైద్యులు ఒక సులభమైన పరీక్ష చేస్తారు. క్రింది రెప్ప లోపల సన్నని కాగితపు ముక్కను 5 నిమిషాలు ఉంచి, అది ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో చూస్తారు. 10 మిల్లీమీటర్లకు పైగా తడిస్తే సాధారణంగా బాగున్నట్లు. 5 లేక అంతకు తక్కువైతే కన్నీరు బాగా తగ్గినట్లు. దీనికి నొప్పి ఉండదు. కీళ్ళవాతం నిర్ధారణ అయిన ప్రతివారూ ఒకసారి ఈ పరీక్ష చేయించుకొనడం మంచిది.

ఎర్రకన్ను - మూడు విధాలు

ఎర్రబడిన ప్రతి కన్నూ కళ్ళకలక కాదు. కీళ్ళవాతం ఉన్న ఇంట్లో ఈ మూడింటి భేదం అందరికీ తెలిసి ఉండవలెను.

మొదటిది కళ్ళకలక. పుసి కడుతుంది, ఉదయం రెప్పలు అంటుకొంటాయి, ఒక కంటి నుండి రెండవ కంటికి, ఒకరి నుండి ఇంటిల్లిపాదికీ పాకుతుంది. చూపు తగ్గదు, లోతైన నొప్పి ఉండదు.

రెండవది తెల్లగుడ్డు పైపొర వాపు. కంటిలో ఒక పక్క మాత్రమే ఎర్రబడుతుంది, కొద్దిగా మంట ఉంటుంది, పుసి ఉండదు. ఇది చాలావరకు తనంత తానే నెమ్మదిస్తుంది. అయినా మాటిమాటికీ వస్తుంటే నేత్రవైద్యునికి చూపవలెను.

మూడవది తెల్లగుడ్డు లోపలి వాపు. ఇది భయపడవలసినది. కన్ను ముదురు ఎరుపు లేక ఊదారంగుగా మారుతుంది. తొలిచినట్లుండే నొప్పి కణతకు, నొసటికి, దవడకు పాకుతుంది. అర్ధరాత్రి నిద్రలేపుతుంది. రెప్పపై వేలు ఆనించినా ఓర్వలేరు.

ఏండ్ల తరబడి కీళ్ళవాతం ఉన్న స్త్రీలలో ఇందులోనే అరుదైన మరొక రూపం కనబడుతుంది. దానిలో నొప్పియే ఉండదు. తెల్లగుడ్డు కొంచెం కొంచెంగా పలుచబడి, లోపలి పొర నీలి బూడిదరంగు మచ్చగా బయటికి కనబడుతుంది. నొప్పి లేదు గదా అని ఊరకుండరాదు. అక్కడ చిన్న దెబ్బ తగిలినా గుడ్డు చిట్లవచ్చును.

వీటికి తోడు నల్లగుడ్డు అంచు కరిగి పుండుపడడం మరొక ప్రమాదం. కన్ను కరకరలాడుతుంది, నీరు కారుతుంది, వెలుతురు సహించదు, నల్లగుడ్డు చుట్టున నెలవంకవలె తెల్లని గీత కనబడుతుంది. ఇది కొద్ది రోజులలోనే రంధ్రం పడేవరకు పోగలదు. శరీరంలోని రక్తనాళాలలో వాపు పెరిగిందనడానికి కూడా ఇది సూచన. కనుక కంటి చుక్కలు ఒక్కటే చాలవు. కీళ్ళ వైద్యుడు, నేత్రవైద్యుడు కలిసి లోపలికి బలమైన ఔషధాలు ఇవ్వవలసి ఉంటుంది.

నిర్మల్ వైపు నుండి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఉదంతం చెబుతాను. పన్నెండేండ్ల కీళ్ళవాతం ఆయనది. కన్ను ఎర్రబడితే మందుల దుకాణంలో అడిగి కళ్ళకలక చుక్కలు నాలుగు రోజులు వేసుకొన్నారు. నా వద్దకు నడుము నొప్పికి తైలం కోసం వచ్చారు, కంటి కోసం కాదు. రాత్రి నిద్ర పడుతున్నదా అని అడిగితే, కణత పోటుతో మూడు రాత్రులుగా గోడకు ఆనుకొని కూర్చుంటున్నానన్నారు. తైలం ఇవ్వలేదు. ఆ పూటే కంటి ఆసుపత్రికి వెళ్ళమని చీటీ వ్రాసి, వారి కుమారుని పిలిపించి చెప్పి పంపించాను. తెల్లగుడ్డు లోపలి వాపని తేలింది. లోపలికి మందులు మొదలైన పిదప నొప్పి తగ్గింది, చూపు నిలిచింది. మరొక వారం చుక్కలతోనే గడిపి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే ఇష్టం లేదు.

మందుల వలన వచ్చే మార్పులు

వ్యాధి వలననే కాక దానికి వాడే ఔషధాల వలన కూడా కంటికి మార్పులు వస్తాయి.

హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మాత్ర కీళ్ళవాతానికి విరివిగా వాడబడుతున్నది. మంచి మందే. దీర్ఘకాలం, అధిక మోతాదులో వాడినప్పుడు మాత్రం కొందరిలో కంటి వెనుకనున్న రెటీనా దెబ్బతింటుంది. శరీరపు బరువు కిలో ఒక్కింటికి రోజుకు 5 మిల్లీగ్రాములు మించరాదని నిపుణుల నియమం. 40 కిలోల బరువున్న స్త్రీకి 200 మిల్లీగ్రాములే గరిష్ఠం. కనుక మీ బరువును వైద్యునికి చెప్పడం మరువకండి. మందు మొదలుపెట్టిన ఏడాదిలోపు ఒకసారి రెటీనా పరీక్ష, అయిదేండ్లు నిండిన తరువాత ఏటేటా పరీక్ష అవసరం. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఇంకా ముందు నుండే చేయించుకొనవలెను. జరిగిన నష్టం తిరిగి పూడదు. ముందుగా పట్టుకొంటే అక్కడితో ఆపగలిగే అవకాశం ఉన్నది. అంతేకాని ఇది చదివి భయపడి మందును మీ అంతట మీరు మానివేయరాదు.

స్టెరాయిడ్ మందులు నెలల తరబడి వాడితే శుక్లాలు త్వరగా వస్తాయి. కంటిలోని ఒత్తిడి పెరిగి నీటికాసులు కూడా రావచ్చును. నీటికాసులకు మొదట నొప్పి ఉండదు. చూపు అంచుల నుండి చల్లగా తగ్గిపోతుంది. వైద్యుడు లెక్కప్రకారం ఇచ్చే స్టెరాయిడ్ కంటె నాకు ఎక్కువ భయం కలిగించేది సంతలలో, బస్టాండుల వద్ద పేరులేని పొట్లాలలో అమ్మే "కీళ్ళనొప్పుల చూర్ణం". ఒక్క మోతాదుతో నొప్పి మాయమైతే సంతోషించకండి, అనుమానించండి. ఏ మూలికకూ అంత వేగం లేదు. అటువంటి పొట్లాలలో స్టెరాయిడ్ కలిపి అమ్మడం వైద్యలోకానికి కొత్త సంగతి కాదు. ఆయుర్వేదం పేరు పెట్టినంత మాత్రాన అది ఆయుర్వేదం కాజాలదు.

పిల్లల విషయం

కీళ్ళవాతం పెద్దలకే అనుకొనరాదు. పదహారేండ్లలోపు పిల్లలకు కూడా కీళ్ళ వాపు వ్యాధి వస్తుంది. ముఖ్యంగా చిన్న వయసు ఆడపిల్లలలో ఒకటి రెండు కీళ్ళు మాత్రమే వాచినప్పుడు కంటి లోపల వాపు వచ్చే అవకాశం ఎక్కువ. ఈ వాపులో కన్ను ఎర్రబడదు, నొప్పి ఉండదు, బిడ్డ ఏమీ చెప్పదు. చూపు తగ్గిన తరువాతనే తెలుస్తుంది. కాబట్టి అటువంటి పిల్లలకు కన్ను తెల్లగా, చక్కగా కనబడుతున్నా నేత్రవైద్యుడు చెప్పిన గడువు ప్రకారం, కొందరికి మూడు నెలలకొకసారి, యంత్రంతో పరీక్ష చేయించవలెను.

ఇంట్లో చేయదగినవి

పొడికన్నుకు ఇంటిలోనే చేసుకొనదగిన ఉపచారాలు ఉన్నవి. ఇవి చికిత్సకు తోడు. చికిత్సకు బదులు కావు.

1. మరిగించి చల్లార్చిన గోరువెచ్చని నీటిలో శుభ్రమైన నూలుగుడ్డను ముంచి పిండి, మూసిన రెప్పలపై 5 నుండి 10 నిమిషాలు, ఉదయం సాయంకాలం వేయవలెను. రెప్పల అంచున ఉండే జిడ్డు గ్రంథులు తెరచుకొని కన్నీరు త్వరగా ఆరకుండా కాపాడతాయి. కన్ను ఎర్రబడి నొప్పిగా ఉన్నప్పుడు ఇది చేయరాదు.

2. బీడీలు చుట్టేటప్పుడు, కుట్టుపనిలో, చదువులో, టీవీ, ఫోను చూచేటప్పుడు 20 నిమిషాలకొకసారి తల ఎత్తి దూరంగా చూచి పదిసార్లు నిండుగా రెప్పలు వేయవలెను.

3. కూలరు, ఫ్యాను గాలి ముఖానికి నేరుగా తగలరాదు. బండిపై వెళ్ళేటప్పుడు పక్కలను కూడా కప్పే కళ్ళద్దాలు ధరించవలెను.

4. ఇంట్లో బీడీ, చుట్ట, సిగరెట్టు పొగ ఉండరాదు. పొగ కంటికే కాదు, కీళ్ళవాతం రావడానికి, ముదరడానికి కూడా కారణమని నేడు నిశ్చయంగా తెలిసినది.

5. రాత్రి పడుకొనబోయే ముందు త్రిఫలా చూర్ణం 3 గ్రాములు గోరువెచ్చని నీటితో పుచ్చుకొనవచ్చును. కరక్కాయ, తానికాయ, ఉసిరిక మన ఆదిలాబాద్ అడవుల సొత్తే. విరేచనాలు అవుతున్నవారు, గర్భిణులు మానవలెను. ఇతర మందులకు దీనికి నడుమ రెండు గంటల ఎడం ఉంచవలెను.

6. పాత బియ్యపు అన్నం, జొన్నరొట్టె, ఉలవచారు, మునగాకు, పొన్నగంటికూర, కాకర, పొట్ల, అల్లం, వెల్లుల్లి, పలుచని మజ్జిగ పథ్యం. మినుములతో చేసిన బరువైన పిండివంటలు, గడ్డపెరుగు, రాత్రి ఆలస్యంగా భోజనం, పాలు చేపలు కలిపి తినడం అపథ్యం. అన్నంలో చెంచాడు ఆవునెయ్యి పొడికన్నుకు మేలు. ఆకలి మందగించి నాలుక పూత కట్టి ఉన్న రోజులలో నెయ్యి తగ్గించవలెను.

చేయకూడనివి

ఈ పత్రిక గృహవైద్యం కోరే పాఠకులది. కనుకనే ఈ మాట గట్టిగా చెబుతున్నాను. కీళ్ళవాతం ఉన్నవారి కంటిలో ఆకుపసరు, ఉల్లిరసం, తేనె, ఆముదం, చనుబాలు, ఇంట్లో కాచిన కషాయం - ఏదీ వేయరాదు. కన్నీరు తగ్గిన నల్లగుడ్డుకు కాపుదల లేదు. పసరుతో పాటు పోయే సూక్ష్మక్రిములు అక్కడ పుండు చేస్తాయి. మానిన తరువాత కంటిలో పువ్వు మిగులుతుంది. ఆ పువ్వును ఏ పసరూ తీయలేదు. త్రిఫలా కషాయంతో మూసిన రెప్పలను, ముఖాన్ని కడుగుకొనవచ్చును. కంటి లోపలికి పోనీయరాదు.

నేత్రతర్పణం శుష్కాక్షిపాకానికి శాస్త్రోక్తమైన చికిత్సయే. అయితే కన్ను ఎర్రగా ఉన్నప్పుడు, పుండు ఉన్నప్పుడు అది నిషిద్ధం. తగిన సమయంలో కూడా వైద్యశాలలో, నేత్రపరీక్ష అయిన తరువాతనే జరగవలెను. ఇంట్లో పిండి కట్టి నెయ్యి పోసుకొనే పని కాదు. స్టెరాయిడ్ కలిసిన చుక్కలను చీటీ లేకుండా దుకాణంలో కొనడం కూడా ఇంతే అపాయకరం.

సందేహాలు - సమాధానాలు

కంటి చుక్కలు ఎంతకాలం వాడవచ్చును?
కన్నీటికి బదులుగా వాడే చుక్కలను వైద్యుని సలహాపై ఏండ్ల తరబడి వాడవచ్చును. రోజుకు నాలుగు మార్లకు మించి వేయవలసి వస్తే, నిలువ ఉంచే రసాయనం కలపని రకం అడిగి తీసుకొనవలెను. తెరిచిన సీసాను దానిపై వ్రాసిన గడువు దాటి వాడరాదు.

ఆయుర్వేదం, ఇంగ్లీషు మందులు కలిపి వాడవచ్చునా?
ఇద్దరు వైద్యులకూ రెండు పక్షాల మందుల జాబితా చూపి వాడవచ్చును. ఒక ఉదాహరణ: స్టెరాయిడ్ వాడేవారు అతిమధురం ఎక్కువగా పుచ్చుకొంటే రక్తపోటు పెరిగి, శరీరంలో పొటాషియం తగ్గవచ్చును. దాచడం వలననే చిక్కులు వస్తాయి.

కీళ్ళు నెమ్మదించిన తరువాత కంటి పరీక్ష అవసరమా?
అవసరమే. ఏడాదికొకసారి తప్పనిసరి.

మన ప్రాంతంలో పరీక్షలకు ఎక్కడికి పోవలెను?
ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ గ్రామీణుల కోసం 1996లోనే ముధోల్‌లో కంటి ఆసుపత్రిని నెలకొల్పింది. నాడు ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న ముధోల్ 2016 నుండి నిర్మల్ జిల్లాలో ఉన్నది. అదే సంస్థ 1996 నుండి 2000 వరకు హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో 10,293 మంది కళ్ళను పరీక్షించినది. నూటికి ఇంచుమించు ఇద్దరు అంధులుగా తేలారు. ఆ అంధత్వంలో అయిదింట మూడు వంతులు శుక్లాల వలన, తగిన అద్దాలు లేకపోవడం వలన వచ్చినదే. అంటే శస్త్రచికిత్సతోనో, కళ్ళద్దాలతోనో తీరేది. మన కళ్ళు పోవడానికి కారణం మందు లేకపోవడం కంటె సమయానికి చూపకపోవడమేనని దీని వలన తెలుస్తున్నది. 2008లో ఆదిలాబాద్‌లో రిమ్స్ వెలసినది. కరీంనగర్‌లో వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నవి. దూరం ఒక కారణం కానక్కరలేదు.

ఆనాడే వెళ్ళవలసిన గుర్తులు

నిద్రలేపే కంటినొప్పి, చూపు హఠాత్తుగా తగ్గడం, వెలుతురు చూడలేకపోవడం, తెల్లగుడ్డుపై నీలిమచ్చ, నల్లగుడ్డుపై తెల్లని మచ్చ లేక గీత - ఈ అయిదింటిలో ఏ ఒక్కటి కనబడినా తెల్లవారేదాకా ఆగవద్దు. వైద్యుని మార్చడం అవమానమని ఏ శాస్త్రమూ చెప్పలేదు. తన చేతిలో లేని రోగిని తగినవారి వద్దకు పంపడం కూడా వైద్యధర్మమే. ఇంట్లో కీళ్ళవాతంతో బాధపడే తల్లియో, అత్తయో ఉంటే, ఈ రాత్రి ఆమెకు నొప్పి తైలం రాసేటప్పుడు ఒక్క మాట అడగండి: "అమ్మా, కండ్లు ఎట్లున్నయి?" ఒక కన్ను వేలితో మూయించి, గోడమీది క్యాలెండరులోని అంకెలు చదివించండి. తరువాత రెండవ కన్ను మూయించండి. తేడా కనబడితే మరునాడే బయలుదేరండి.